ఆల్చిప్పల సిస్టరమ్మ

మొన్న సుక్మా ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు నా కింది కనురెప్పని బొటనవేలితో కిందికి లాగి లోపలి ఎరుపు చూశాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగేసరికి పాపం కంగారుపడి, "దర్ద్ హుఆ క్యా?" అని అడిగాడు. నొప్పేమీ లేదు. అలా రెప్ప లాగి చూడటంలో ఆరితేరిన మనిషి ఒకావిడ మా ఊళ్ళో ఉండేది. ఆవిడ పోయి రెండు వేసవులు దాటాయి. డాక్టరు వేలు తగలగానే ఆవిడ గొంతు చెవి పక్కనే వినబడింది. "పైకి చూడు. నన్ను కాదు బాబూ, పైకి. ఆకుకూర తింటన్నావా, గుట్కాయే తింటన్నావా?"

ఆవిడ పేరు నాకు తెలుసు. కానీ మా ఊరు దోర్నపాల్‌లో ఆ పేరుతో పిలిచిన మనిషి ఒక్కరూ లేరు కాబట్టి ఇక్కడా రాయను. అందరికీ ఆవిడ సిస్టరమ్మ. పుట్టింది విజయనగరం వైపు. నర్సు ఉద్యోగమంతా కిరందుల్ గని టౌన్‌షిప్‌లో. రిటైరయ్యాక తోటివాళ్ళంతా విశాఖలో ఫ్లాట్లు కొనుక్కుంటుంటే, ఈవిడ మాత్రం మా ఊరి చివర శబరి ఒడ్డున కొత్తగా వేసిన కాలనీలో, ఏటికి అందరికంటే దగ్గరున్న ప్లాటు కొంది. "ఎందుకమ్మా ఇంత దూరం?" అని అడిగాను. "విశాఖలో నర్సులు బోల్డుమంది. ఇక్కడైతే నాకు గిరాకీ ఉంటాది" అంది.

మాది సిమెంటు, ఇనుము కొట్టు. మా నాన్న భద్రాచలం వైపు నుంచి వచ్చి హైవే పక్కన పెట్టాడు. సిస్టరమ్మ ఇల్లు కట్టుకునేటప్పుడు నా దగ్గరే సరుకు కొనేది. ఇల్లు పూర్తయ్యాక కూడా రావడం మానలేదు. ఏదో చిన్న వంకతో వచ్చి, ఒక మేకు కొని, సిమెంటు బస్తా మీద గొడుగు అడ్డంగా పెట్టుకుని కూర్చునేది. ఇక కొట్లోకి వచ్చినవాడు వచ్చినట్టు దొరికిపోయేవాడు. ట్రాక్టరు డ్రైవరైనా, క్యాంపు జవానైనా, సర్పంచ్ అయినా ముందు రెప్ప చూపించాలి, తర్వాతే సరుకు. రంగు పాలిపోయి ఉంటే వాడి భాషలోనే తిట్టేది. హల్బీ, గోండీ, దోర్లీ, హిందీ అన్నీ వచ్చు. అన్నీ విజయనగరం యాసలోనే మాట్లాడేది. తిట్లు తిన్నవాళ్ళు మళ్ళీ వారం వచ్చి, "చూడండి సిస్టరమ్మా, ఇప్పుడు ఎర్రగా ఉందా?" అని వాళ్ళంతట వాళ్ళే రెప్ప లాగి చూపించడం నేను ఎన్నోసార్లు చూశాను. నన్ను మాత్రం సిమెంటు బాబూ అనేది. నా బొజ్జ మీద ఆవిడకున్న అభిప్రాయాలు ఇక్కడ రాయడం అనవసరం.

కాలనీ వెనక శబరి ఒక వంపు తిరుగుతుంది. ఇవతలి గట్టు మా ఛత్తీస్‌గఢ్, అవతలిది ఒడిశా. ఆ వంపులో నీళ్ళు మోకాలి లోతుండే చోట పక్క ఊరి దోర్ల గిరిజనుల ఆడవాళ్ళు ఆల్చిప్పలు ఏరుకుంటారు. చేతులతో వెతకరు, పాదాలతో వెతుకుతారు. మెల్లగా నడుస్తూ, ఇసుకలో గట్టిగా ఏదైనా తగిలితే బొటనవేలితో కదిపి, వంగి తీస్తారు. ఇంటికి తీసుకెళ్ళి మామిడి ఒరుగులేసి పులుసు పెట్టుకుంటారు. గట్టిపడ్డ చిప్పని రాయి మీద నడుమ అరగదీస్తే చిన్న కన్నం పడుతుంది. దాని అంచు భలే పదును. పచ్చి మామిడికాయ చెక్కు తీయడానికి అంతకంటే మంచి పనిముట్టు నా కొట్లో కూడా లేదు.

కొత్తింట్లో దిగిన మొదటి చలికాలం సిస్టరమ్మ గొడుగేసుకుని ఒడ్డున నిలబడి వాళ్ళని చూసేది. కాళ్ళకి ఆసుపత్రి రోజుల తెల్ల క్యాన్వాసు బూట్లు. నీళ్ళంటే ఆవిడకి చచ్చేంత భయం. కత్తిపోట్లకి కుట్లు వేసిన మనిషి, చీలమండ దాకా దిగాలంటే ఎవరి భుజమో పట్టుకోవాలి. ఆ భుజం జోగమ్మది. జోగమ్మ ఆ ఏరుకునేవాళ్ళలో పెద్దది, మహా నవ్వులమారి. "ఏంది సిస్టరమ్మా, గీ నీళ్ళల్ల మా ఇంటి బాతుపిల్ల గూడ మునగదు" అని ఎగతాళి చేస్తూనే భుజం వంచేది.

ఆ చలికాలం అయిపోయేసరికి సిస్టరమ్మకి పిచ్చి పట్టిందని కాలనీలో అనుకోవడం మొదలైంది. పొద్దున్నే వంపు దగ్గరికి రౌండ్స్‌కి వెళ్ళేది. అవును, రౌండ్స్ అనే అనేది. జోగమ్మ ఏరిన ఆల్చిప్పల్లో రకానికొకటి తీసి తడిగుడ్డ మీద పెట్టుకుని చూసి, మళ్ళీ నీళ్ళలో వేయించేది. నేను అన్నీ ఒకటే అనుకునేవాణ్ణి. నన్ను ఒకరోజు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. "చూడు సిమెంటు బాబూ. పేషంటు ఎవరనుకున్నావు? నది. ఇవి డ్యూటీ స్టాఫు. పగలూ రాత్రీ నీళ్ళు తాగి, మురికి పట్టుకుని, తేటనీళ్ళు వదుల్తాయి. జీతం లేదు, సెలవు లేదు, యూనియన్ లేదు."

స్టాఫుకి హోదాలు కూడా ఇచ్చేసింది. పొడుగ్గా, నల్లగా, పలచగా ఉన్నవి స్టాఫ్ నర్సులు. గుండ్రంగా, మందంగా, వీపు మీద ఆకుపచ్చ చారలున్నవి కాంపౌండర్లు. పసుప్పచ్చగా చిటికెన వేలి గోరంత ఉండి, పెద్దయినా అంతే ఉండేవి ఆయాలు. అన్నిటికంటే బరువుది, రాయిలా గట్టిది, భుజం దగ్గర ముడతలు ముడతలుగా ఉన్నది మేట్రన్. "మా మేట్రనుకీ నుదుటి మీద అచ్చం ఇలాగే ముడతలుండీవి. నవ్వగా ఎవరూ చూడలేదు" అంది. మేట్రన్లు ఇసుకలో దొరకవు. వంపు మొదట్లో ఒక పెద్ద బండ కింద, గులకరాళ్ళ మధ్య కొద్దిగా ఉండేవి. వాటి విషయంలో ఆవిడకి మొదటినుంచీ పక్షపాతం.

జగదల్‌పూర్‌లో జీవశాస్త్రం చెప్పే లెక్చరరు ఒకాయన్ని ఎలాగో పట్టుకుని ఫోన్లో పీడించి ఇంకో సంగతి రాబట్టింది. ఆల్చిప్ప పిల్లలు పుట్టగానే చేప మొప్పలకి అంటుకుని కొన్నాళ్ళు అక్కడే ఉంటాయట. చేప ఎటుపోతే అటు పోయి, తర్వాత ఇసుకలోకి దిగుతాయట. ఒక్కో రకానికి ఒక్కో చేప కావాలట. ఆ సంగతి కొట్లో అందరికీ చెప్పింది. "అద్దెకుంటాయి! మనలాగే. చేప రాకపోతే పిల్ల లేదు. పెద్దవి మాత్రం ఏళ్ళ తరబడి అలా కూర్చునుంటాయి, బతికున్నాయనే అనుకుంటాం. పిల్లలు లేని ఊరుని బతికున్న ఊరంటామా?" మేకులు కొనడానికొచ్చిన వడ్రంగి నోరు తెరుచుకుని విన్నాడు. ఆవిడ వాడి రెప్ప కూడా చూసింది.

ఇదిలా ఉండగా కాలనీ సమితివాళ్ళు వంపు దగ్గర ఘాట్ కట్టించాలని తీర్మానించారు. ఘాటుతో పాటు గట్టు కోతపడకుండా రాతిగోడ. ఏరు తగ్గగానే వంపంతా జేసీబీతో తవ్వి, రాయి పరిచి, కాంక్రీటు పోయాలి. తప్పు పట్టడానికి లేదు. ప్రతి వానాకాలం గట్టు విరిగి పడుతోంది, జనం భయపడుతున్నారు. సిమెంటు నా కొట్లోదే, నేను సంతోషించాను కూడా.

సమితి మీటింగు సర్పంచ్ ఇంటి వరండాలో జరిగింది. సిస్టరమ్మ గొడుగుతో సహా వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది. పని కాంట్రాక్టుకి తీసుకున్న ఠేకేదారు మద్దేడ్ వైపు తెలుగువాడు, ముక్కు మీద కోపం.

"ఏందమ్మా, గవ్వల కోసం ఘాట్ ఆపాల్నా?" అన్నాడు.

"గవ్వలు కాదు నాయనా, ఆల్చిప్పలు. ఆపమని కాదు, వంపు వదిలేసి కొంచెం కిందకి జరపమంటన్నాను."

"కింద బండ ఉన్నది. ఖర్చు ఎవరిస్తరు? అయినా ముందుగల్ల ఎవరి ఇల్లు కూలుతది? మీదే. మీ కోసమే కడుతుంటే మీరే అడ్డం పడుతుండ్రేంది?"

నిజమే కదా. నాకూ అదే అనిపించింది. సిస్టరమ్మ లేచి వాడి దగ్గరికి వెళ్ళింది. కొడుతుందేమో అనుకున్నాం. బొటనవేలితో వాడి కింది రెప్ప లాగి, వెలుతురు వైపు తిప్పి చూసింది. వాడు బిత్తరపోయి కదలకుండా నిలబడ్డాడు.

"కోపం నిండా ఉంది, రక్తం లేదు" అంది. "ఇల్లు పోతే నేను ఇంకో ఇంటికి పోతాను. నాకు రెండు కాళ్ళున్నాయి. వాటికున్నది ఒకటే కాలు, అదీ నాలుకలా ఉంటాది. ఎంత దూరం పోతాయవి? నువ్వే చెప్పు."

నవ్వులు. ఠేకేదారు కూడా నవ్వేశాడు, కానీ పని ఆపలేదు. హోలీ దాకా జేసీబీ తేనని మాటిచ్చాడు. దక్కింది అంతే. తిరిగొస్తుంటే ఆవిడ నాతో ఒక్క మాటే అంది. "సరే. స్టాఫుకి ట్రాన్స్‌ఫర్లు వెయ్యాలి." వంపుకి ఎగువన, సుక్మా దారి కింద పల్లంలో, చెట్లు వంగి నీడ పట్టే ఒక మడుగుంది. దాని పక్కన గులకరాళ్ళు, ఇసుక రెండూ ఉన్నాయి. చేపలు బాగా ఆడతాయని జోగమ్మ చెప్పింది. అక్కడికి అన్ని రకాలనీ మార్చాలి, మేట్రన్లతో సహా. అక్కడ నిలుస్తాయా, పిల్లలు పుడతాయా అన్నదే ఇక ఆవిడకి మిగిలిన చింత. తిండి మీద కూడా ధ్యాస లేకుండా అదే పట్టుకుంది.

మొదటి విడతలో జరిగింది చెప్పాలి. ఆవిడ దాచమని ఎప్పుడూ అనలేదు. ట్రాన్స్‌ఫర్ కోసం నా దగ్గర ప్లాస్టిక్ టబ్బులు కొంది. కొత్త టబ్బులు, బజారు చేతులు పడ్డవి. జీవితమంతా వార్డులు కడిగించిన మనిషి వాటిని ఊరికే వాడుతుందా? తెల్లగా మెరిసేదాకా బ్లీచింగ్ పౌడరు వేసి తోమింది, ఆల్చిప్పల మీద కప్పే గోనెగుడ్డలు కూడా అందులోనే నానబెట్టింది. కడిగింది కూడా, కానీ ఆ వాసన ఆవిడ ముక్కుకి అలవాటు, వాసన ఉందనే తెలియలేదు. మడుగు దగ్గరికి ట్రాక్టరు చేరి గోనె తీసి చూస్తే ఆల్చిప్పలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వేలితో తట్టినా మూసుకోలేదు.

సిస్టరమ్మ ఇసుకలో చతికిలబడింది. తెల్ల బూట్లు నీళ్ళలో ఉన్న సంగతి కూడా చూసుకోలేదు. "నేనే చంపేను బాబూ. శుభ్రం చేసి చంపేను" అంది. ఏడ్చింది. ఆవిడ ఏడవడం అదే మొదటిసారి చూశాను. జోగమ్మ పక్కన కూర్చుని వీపు రాస్తూ ఉండిపోయింది. ఆ రోజు టబ్బుల్లో మేట్రన్లు లేకపోవడం ఒక్కటే అదృష్టం.

ఇంకొకరైతే అక్కడితో ఇంట్లో కూర్చునేవారు. ఈవిడ ఏం చేసిందో చూడండి. మర్నాడు మా ఊరి సంత. ఎండుచేపల వరసలో ఒక బల్ల ఎక్కి గొడుగు ఊపుతూ, ముందు హిందీలో, తర్వాత గోండీలో, దోర్లీలో, చివరికి తెలుగులో అదే సంగతి చెప్పింది. నిన్న నేను ఇంతంత ఆల్చిప్పల్ని బ్లీచింగ్ పౌడరుతో చంపేశాను, నా చేతులకి ఈ పని రాదు, సబ్బు వాసన లేని చేతులు కావాలి, ఎవరొస్తారు? తన తప్పుని నాలుగు భాషల్లో తానే చాటింపు వేసుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. సంతంతా నవ్వింది. నవ్వినవాళ్ళే వచ్చారు.

జోగమ్మ ఊరి ఆడవాళ్ళు వెదురు గంపల్లో అడ్డాకులు పరిచి తెచ్చారు. కాలనీ ఆడవాళ్ళు కూడా, సిస్టరమ్మకి పిచ్చి అని అన్నవాళ్ళతో సహా, కొంగులు దోపి నీళ్ళలోకి దిగారు. దోర్ల ఆడవాళ్ళు పాదాలతో వెతకడం నేర్పుతుంటే వీళ్ళకి చక్కిలిగింతలు. ఏరినవాటిని తడి ఆకుల మధ్య పెట్టి నీడలో ట్రాక్టరెక్కించారు. కూరకని కొన్ని పక్కకి తీసుకోవచ్చా అని ఒకామె భయంభయంగా అడిగింది. "తీసుకో తల్లీ. మీరు తినబట్టి అవి తరిగిపోలేదు. తల్లివి మాత్రం వదిలెయ్యి" అంది సిస్టరమ్మ.

మడుగు దగ్గర మళ్ళీ ఒక తమాషా. మొనతేలిన వైపు పైకి, గుండ్రటి వైపు ఇసుకలోకి పెట్టాలని ఆవిడ చూపించింది. ఏటా వరినాట్లు వేసే చేతులు కదా, ఒడ్డు నుంచి తాడు కట్టినట్టు వరసలు వరసలుగా నాటేశారు. వంగి నాటుతూ పాట కూడా అందుకున్నారు. సిస్టరమ్మ గొడుగుతో నీళ్ళని కొట్టింది. "అయ్యో, వరస వద్దే! ఇది పొలం కాదు, వార్డూ కాదు. ఎక్కడివక్కడ చెదురుగా పెట్టండి. ఒక వరద వస్తే వరసంతా పోతాది!" జోగమ్మ నవ్వి, "సిస్టరమ్మా, మా చేతులకు గిదే వచ్చు, ఏం జేయాలె?" అంది. మళ్ళీ అన్నీ పీకి చెదరగొట్టారు.

మేట్రన్లని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. గులకరాళ్ళున్న చోటు కాస్త లోతు. జోగమ్మ భుజం పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, నడుము దాకా దిగింది. పళ్ళు టకటకలాడుతున్నాయి. చలికి కాదు. ఒక్కొక్కదాన్నీ అందుకుని రాళ్ళ సందున పెట్టి, పైన అరచేయి ఆనించి కొంచెంసేపు ఉండేది. అంత భయంలోనూ చెయ్యి వణకలేదు. ధైర్యవంతుల్ని, ముఖ్యంగా ఈ ప్రాంతంలో, నేను తక్కువమందిని చూడలేదు. ఆ రోజు ఆవిడకే నా దండం.

హోలీ వెళ్ళాక జేసీబీ వచ్చింది. ఘాటు కట్టారు, బాగానే కట్టారు. సిస్టరమ్మ దాని మెట్ల మీద కూర్చుని కాంక్రీటు సరిగా తడుపుతున్నారో లేదో కూడా చూసుకునేది. వానాకాలం శబరి పొంగి అన్నీ కప్పేసింది. తగ్గాక మడుగుకి వెళ్ళి చూశాం. నర్సులు, కాంపౌండర్లు చాలావరకు ఉన్నారు, ఆయాలు ఉన్నారు, మేట్రన్లు కూడా ఉన్నారు. నేను సంబరపడ్డాను. ఆవిడ పెదవి విరిచింది. "పెద్దవి ఉంటే ఏటి? పిల్ల ఏది?"

ఆ పిల్ల కోసం ఇంకో ఏడాది. మిగతా రకాల పిల్లలు ఒకటీ అరా కనిపించాయి. మేట్రన్ పిల్ల మాత్రం కనిపించలేదు. ఈలోగా ఆవిడ గుండె బలహీనపడింది, కాళ్ళు వాచాయి. నర్సుకి తెలియనిదేముంది? తన రెప్ప తానే అద్దంలో చూసుకుని, "ఇదిగో, తెల్లకాగితం" అని నవ్వేది. మడుగు దాకా రాలేక, వెళ్ళొచ్చిన ప్రతిసారీ నన్నూ జోగమ్మనీ మంచం పక్కన నిలబెట్టి అడిగేది. లేదని చెప్పడానికి నాకు నోరొచ్చేది కాదు. జోగమ్మే చెప్పేది.

ఆ వేసవిలో ఒక ఉదయం జోగమ్మ బొటనవేలికి గులకరాయి కంటే తేలికగా ఏదో తగిలింది. వంగి తీసి అరచేతిలో పెట్టుకుని నన్ను కేకేసింది. గోరంత ఉంది. భుజం దగ్గర ముడతలు, పుట్టుకతోనే ముసలి మొహం. మేట్రన్ పిల్ల. ఇద్దరం నీళ్ళలోనే గెంతాం. చెంబులో మడుగు నీళ్ళు పట్టి, దాన్ని అందులో వేసి, నా బండి మీద కాలనీకి తెచ్చేశాం.

వరండాలో మంచం మీద ఉంది ఆవిడ. అరచేతిలో పెడితే ముఖం దగ్గరికి తీసుకుని చూసింది. ఎంతసేపు చూసిందో. మా ఇద్దరికీ ఏదో గొప్ప మాట వినబడుతుందని ఆశ. తలెత్తి నా వంక కోపంగా చూసింది.

"ఇంత ఎండలో దీన్ని ఇంత దూరం తెచ్చేరా? బుద్ధుందేటి మీకు?"

"మీరు చూస్తారని..."

"చూసేను. ఇంక పట్టుకెళ్ళండి."

"కొంచెంసేపు ఉంచుకోండి సిస్టరమ్మా" అంది జోగమ్మ.

"నా దగ్గర దానికేం పని? తీసిన చోటే పెట్టండి. పోండి, పోండి." మంచినీళ్ళు తాగనివ్వలేదు, కూర్చోనివ్వలేదు. చెంబులో తన చేత్తోనే వేసి, మా వైపు తోసేసింది.

ఎండలో మళ్ళీ అంత దూరమూ వెళ్ళాం. జోగమ్మ వెనక కూర్చుని చెంబు మీద కొంగు కప్పి పట్టుకుంది. నాకు కోపం, నవ్వు, ఏడుపు కలిసి వస్తున్నాయి. తీసిన చోటే పెట్టాం. కొంతసేపు అది రాయిలా పడుంది. తర్వాత చిప్ప సన్నగా తెరుచుకుని తెల్లటి కాలు బయటికొచ్చింది. ఇసుకని తడుముకుని, తనని తాను లోపలికి లాక్కుంది. ఇంకోసారి చూద్దామని వంగితే అది ఎక్కడుందో నాకు తెలియలేదు. జోగమ్మకీ తెలియలేదు.

సాయంత్రం చెబుదామని వెళితే ఆవిడ నిద్రపోతోంది. మర్నాడు పొద్దున్న కొట్టు తెరవకముందే వెళ్ళాను. నన్ను చూడగానే మోచేతి మీద లేవబోయింది.

"పెట్టేరా?"

"పెట్టాం. ఇసుకలోకి పోయింది. మళ్ళీ ఎంత వెతికినా ఇద్దరికీ కనబడలేదు."

"కనబడలేదా?" అంది. ముఖమంతా విప్పారింది. "అయితే బాగానే ఉన్నట్టు."

వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత బతికిన కొద్ది రోజుల్లో నన్ను మళ్ళీ మడుగు గురించి అడగలేదు.